పన్ను లేని రాష్ట్రం, తలుపు పక్క కుర్చీ

ట్యాక్స్ సీజన్ పనికి కొత్తగా చేరుతున్న పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిదని. నేను వాడిన సాఫ్ట్‌వేర్ పేరు చెబితే వాళ్ళు నవ్వుతారు. అందుకని ఆ సంగతి వాళ్ళకే వదిలేసి, నాకు బాగా తెలిసిన కుర్చీల గురించి చెబుతాను. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు కుర్చీలకు సంబంధించిందే.

కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని ఓక్‌విల్‌లో ఒక ప్లాజాలో, ఇండియన్ గ్రాసరీ షాపుకూ పళ్ళ డాక్టరు క్లినిక్‌కూ మధ్య ఇరుక్కుని ఉండేది మా ఆఫీసు. ఇండియాలో నేను నీటిపారుదల శాఖ గుమాస్తాను. నలభై దాటాక ఇక్కడికి వచ్చి, వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి, సాయంత్రం క్లాసులకు పోయి, చివరికి ఆ ఆఫీసులో ఒక బల్ల సంపాదించాను. ఇతరుల ఆదాయపు పన్ను రిటర్నులు తయారు చేసి పంపడం నా పని. పందొమ్మిది సీజన్లు చేశాను. తెలుగువాళ్ళ ఫైళ్ళన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

ముందు గదిలో రిసెప్షన్ చూసే ఆవిడ చిన్నప్పుడే పోర్చుగల్ నుంచి వచ్చిన మనిషి, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆమెకు తెలుగు ముక్క రాదు. అయినా మావాళ్ళలో ఏ మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు లేవో నాకంటే ముందు ఆమెకే తెలిసేది. చలికాలంలో, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి, వచ్చేవాళ్ళ బూట్ల నుంచి ఉప్పునీళ్ళు కారి నేలంతా తెల్లటి చారలు పడేవి. వాటిని తుడుస్తూనే ఆమె అందర్నీ చూసేది.

నా గది చిన్నది, తలుపు ఎక్కువగా తెరిచే ఉండేది. బల్ల ముందు ఒక కుర్చీకే చోటు. రెండోది తలుపు పక్కన, గోడకు ఆనించి ఉండేది. మావాళ్ళు జంటగా వస్తే ఎవరూ చెప్పకుండానే భర్త ముందు కుర్చీలో కూర్చునేవాడు. భార్య తలుపు పక్క కుర్చీలో, ఇద్దరి వింటర్ కోట్లూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఈ దేశంలో భార్య రిటర్ను భార్యదే, భర్తది భర్తదే. ఆ సంగతి అందరికంటే నాకు బాగా తెలుసు. అయినా ఆమె జీతం ఎంతో, ఆమె బస్ పాస్ ఉందో లేదో కూడా ఆయన్నే అడిగేవాణ్ణి. చివర్లో సంతకం చేయాల్సిన చోట పసుపు కాగితం అంటించి, "ఇక్కడ పెట్టండమ్మా" అనేవాణ్ణి. చాలామంది ఆడవాళ్ళతో నేను ఏడాదికి మాట్లాడిన మాట అదొక్కటే. అదే మర్యాద అనుకునేవాణ్ణి.

నేను పెద్ద తప్పు చేసింది ఒక జంట విషయంలో, వాళ్ళు అప్పటికి ఆరేళ్ళుగా నా దగ్గరికి వస్తున్నారు. అతను ఇంజినీరు, హైదరాబాద్ అబ్బాయి, కలుపుగోలు మనిషి. ఆమె ఫార్మసిస్టు. ఇండియా డిగ్రీ ఇక్కడ చెల్లదంటే నాలుగేళ్ళు పరీక్షల మీద పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకుంది. ఒక్కతే కూతురు. వాళ్ళు తెచ్చే ఫైలంటే నాకు ముద్దు. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఒక్కో అరకీ ఒక్కో చీటీ: జీతం, డేకేర్, మందులు, ఇంటి పన్ను. గుండ్రటి తెలుగు అక్షరాలు. నీ అంత శుభ్రంగా కాగితాలు తెచ్చేవాడు ఈ ఊళ్ళో లేడయ్యా అని ఏటా అతన్ని మెచ్చుకునేవాణ్ణి. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆరో ఏడాది వసంతంలో అతని ఉద్యోగం పోయింది. కంపెనీ ఆ విభాగాన్నే మూసేసింది. రెండు నెలలు తిరిగి తిరిగి డాలస్‌లో పని సంపాదించి మే నెలలో వెళ్ళిపోయాడు. అక్కడికి వెళ్తే ఆమెకు పని చేసే అనుమతి రాదు. నాలుగేళ్ళ చదువు అటకెక్కించాలి. అందుకని ఆమె, పాప ఇక్కడే ఉండిపోయారు. నెలకు రెండు వారాంతాలు అతను విమానంలో వచ్చి పోయేవాడు. ఇండియన్ స్టోర్‌లో కనబడితే చాలు, డాలస్ గురించే చెప్పేవాడు. అక్కడ మంచు లేదు, టిఫిన్ హోటళ్ళు లెక్కలేనన్ని, అన్నిటికంటే ముఖ్యంగా టెక్సాస్‌లో రాష్ట్రానికి ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. "స్టేట్ ట్యాక్స్ సున్నా అంకుల్" అనేటప్పుడు అతని ముఖంలో వెలుగు చూడాలి. దూరపు కొండలు నునుపు అని ఊరికే అన్నారా. కానీ అతన్ని తప్పుపట్టలేను. నలభై మూడేళ్ళ వయసులో అట్టపెట్టెలో తన కాఫీ కప్పు పెట్టుకుని ఆఫీసు బయటికి నడిచిన మనిషికి, గెలిచానని చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

మార్చిలో ఇద్దరూ వచ్చారు. అతను ముందు కుర్చీలో కూర్చుని, ఇక తాను కెనడా మనిషి కాదన్నాడు. పోయిన మే నుంచి తనను నాన్ రెసిడెంట్‌గా చూపించమన్నాడు. అలా చూపిస్తే డాలస్ జీతం మీద ఇక్కడ ఏమీ కట్టక్కర్లేదు.

నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. ఇల్లెక్కడ? ఓక్‌విల్. భార్యా బిడ్డలు? ఓక్‌విల్. కారు, హెల్త్ కార్డు, బ్యాంకు? అన్నీ ఓక్‌విలే. అలాంటప్పుడు నువ్వు ఎక్కడ పడుకున్నా ఈ ప్రభుత్వం దృష్టిలో ఓక్‌విల్ వాడివేనయ్యా అన్నాను. అమెరికా కేంద్రానికి కట్టింది ఇక్కడ మినహాయిస్తారు, మిగతాది ఇక్కడ కట్టాల్సిందే. టెక్సాస్ వదిలేసింది ఒంటారియో పట్టుకుంటుంది. అతని ముఖం వాడిపోయింది. ఏడాది పొడవునా అందరికీ చెప్పుకున్న గెలుపు నా బల్ల దగ్గర ఐదు నిమిషాల్లో కరిగిపోయింది. మరి ఏం మారితే కుదురుతుంది అంకుల్ అని అడిగాడు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ తెలిసిన విషయం చెప్పకుండా ఉండలేని జబ్బు నాకు గుమాస్తాగిరీ నుంచే ఉంది. "ఇల్లూ భార్యా ఇక్కడ ఉన్నంతకాలం కష్టం. మీరిద్దరూ విడిపోయి ఉంటే అది వేరే సంగతి" అని, పైగా నవ్వాను. అతనూ నవ్వాడు. తలుపు పక్క కుర్చీ వైపు నేను చూడలేదు.

ఆలోచించుకుని మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. మూడు వారాల తర్వాత ఒక్కడే వచ్చాడు. బల్ల మీద ఒక ఉత్తరం పెట్టాడు. పోయిన జూన్ నుంచి తామిద్దరూ విడిపోయి వేరుగా ఉంటున్నామని, ఇల్లు పూర్తిగా ఆమెకే వదిలేశానని అందులో ఉంది. కింద ఇద్దరి సంతకాలు. ఆమె సంతకం నాకు ఆరేళ్ళుగా తెలుసు, అది ఆమెదే. "కాగితం మీదే అంకుల్. మనలో మనకి" అన్నాడు గొంతు తగ్గించి. డాలస్‌లో ఎవరో ఇలాగే చేశారట, ఏమీ కాలేదట.

అది అబద్ధమని నాకు తెలుసు. ఆ అబద్ధానికి బీజం నా బల్ల మీదే పడిందని కూడా తెలుసు. లేచి, కుదరదు పొమ్మని ఉంటే ఈ జ్ఞాపకం రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ సంతకాలు ఉన్నాయి, కాగితం ఉంది, మొగుడే స్వయంగా చెబుతున్నాడు, నాకెందుకు అనుకున్నాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, వైవాహిక స్థితి అన్నచోట ఆరేళ్ళుగా ఉన్న మ్యారీడ్ తీసేసి సెపరేటెడ్ అని కొట్టాను. ఒక్క బటన్. కంప్యూటర్ ఏమీ అడగలేదు, తేదీ ఎంతని మాత్రం అడిగింది. జూన్ ఒకటి అని వేశాను. రిటర్ను పంపాలంటే మా ఆఫీసు నియమం ప్రకారం ఆమె కూడా వచ్చి తన రిటర్ను మీద సంతకం చేయాలి. శనివారం ఇద్దరూ రండి అన్నాను.

అతను వెళ్ళాక రిసెప్షన్ ఆవిడ ఫైలు తీసుకోవడానికి వచ్చింది. తెర మీద ఆ మాట చూసి ఆగిపోయింది. అతని భార్య ఏమంది అని అడిగింది. ఉత్తరం చూపించాను. ఉత్తరం సంగతి కాదు, ఆమె ఏమంది అని మళ్ళీ అడిగింది. నాకు చిరాకేసింది. మా మనుషుల పద్ధతులు నీకు తెలియవు అన్నాను.

"మీ పద్ధతులు నాకు తెలియవు, నిజమే. కానీ ఆరేళ్ళలో నువ్వు ఆమెను ఒక్క ప్రశ్న అడగడం నేను వినలేదు. పోయినసారి నువ్వు నవ్వినప్పుడు ఆమె ముఖం చూశావా?" అంది. తర్వాత ఇంకో మాట చెప్పింది. ప్రతి ఏడూ అపాయింట్‌మెంట్‌కు ముందురోజు ఆమె ఫార్మసీ నుంచి వస్తూ వస్తూ రిసెప్షన్ దగ్గర ఆగి, ఏ కాగితాలు తగ్గాయో అడిగి వెళ్తుందట. ఫోల్డర్ ఆమెది. ఆ చీటీలు ఆమె రాసినవి.

నేను ఆరేళ్ళు అతన్ని మెచ్చుకున్నాను. ఆమె రెండు కోట్లు ఒళ్ళో పెట్టుకుని అది విన్నది. నాకు సిగ్గేసింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆవిడను, నీ రిటర్నులో ఏం రాస్తున్నానో నీకెప్పుడైనా చెప్పానా అని అడిగాను. ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా అంటూ చారు పోపు పెట్టడానికి లేచి వెళ్ళింది.

శనివారం పొద్దున వాళ్ళు వచ్చేసరికి నేను నా బల్లను గోడవైపు జరిపి, రెండు కుర్చీలూ ముందుకు వేశాను. మోకాళ్ళు బల్లకు తగిలేంత ఇరుకు. రిసెప్షన్ ఆవిడ వాళ్ళ కోట్లు తీసుకుని కొక్కేనికి తగిలించింది. ఒళ్ళో కోట్లు లేకపోయేసరికి ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. చివరికి ఫోల్డర్ పట్టుకుని కూర్చుంది.

నేను ఆమె వైపు తిరిగాను. ఈ ఉత్తరం మీద సంతకం మీరే చేశారా అమ్మా అని అడిగాను. అతను, అవునంకుల్ తనే చేసింది అన్నాడు. నేను ఆమెను అడిగానయ్యా, ఆమెనే చెప్పనీ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె అవునంది. తర్వాత, విడిపోవడం అంటే మీ రూల్స్‌లో అర్థం ఏంటి అంకుల్ అని అడిగింది. నేను చెప్పాను. ఉద్యోగం కోసం వేరే ఊళ్ళో ఉంటే అది విడిపోవడం కాదు. కాపురం చెడి, ఆ కారణంగా మూడు నెలలకు పైగా వేరుగా ఉంటే అది విడిపోవడం. ఆమె ఫోల్డర్ అంచు సరిచేసింది.

"అయితే ఆ ఉత్తరం పూర్తిగా అబద్ధం కాదేమో అంకుల్" అంది.

అతను నవ్వబోయాడు. ఆమె తల ఎత్తకపోయేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆమె గొంతు పెంచలేదు. మందు ఎన్నిసార్లు వేసుకోవాలో చెప్పినట్టే చెప్పింది. "ఉత్తరం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. ప్రింట్ తీసి సైన్ చేసి స్కాన్ చెయ్యమన్నారు. చేశా. సైన్ చేశాక ఏడుపొస్తుందేమో అనుకున్నా అంకుల్. రాలేదు. మామూలుగా షిఫ్ట్‌కి వెళ్ళిపోయా. రాలేదే అని అప్పుడు భయమేసింది."

అతను ఏదో అనబోయాడు. ఆమె అతని వైపు తిరిగింది. "మీరు వచ్చినప్పుడల్లా గెస్ట్ రూమ్‌లో దుప్పట్లు మారుస్తున్నా. ఫ్లైట్ లేటు, నిద్ర డిస్టర్బ్ అవుతుందని మీరే అక్కడ పడుకోవడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలలైంది. సూట్‌కేస్ విప్పడం కూడా మానేశారు. పాప ఆ రూమ్‌ని డాడీ రూమ్ అంటోంది. మీరు విన్లేదా?"

"మరి నాకు చెప్పొచ్చు కదా" అన్నాడతను. కోపంగా కాదు. నిజంగానే తెలియనివాడిలా.

"మీరు అడగలేదు" అంది.

ఆ మాట నన్ను కాదు. అయినా నాకే తగిలింది. ఆ చిన్న గదిలో ఆమెను ఏనాడూ ఏమీ అడగని మగవాళ్ళం ఇద్దరం ఉన్నాం. అతను రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. అతన్ని చూస్తే నాకు జాలేసింది. అతను చెడ్డవాడు కాదు. కాగితం మీద ఒకటి, ఇంట్లో ఇంకొకటి నడుస్తుందనుకున్నాడు. ఇంట్లోది ఎప్పుడో కాగితం దాకా వచ్చేసిందని అతనికి తెలియదు.

అవతల ఇంకో అపాయింట్‌మెంట్‌కు టైమైంది. రిసెప్షన్ ఆవిడ తలుపు కొట్టలేదు. వచ్చినవాళ్ళను ముందు గదిలోనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చిందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఏం రాయమంటారమ్మా అని అడిగాను. ఆమె తీరిగ్గా ఆలోచించింది.

"ఈ సంవత్సరానికి మ్యారీడ్ అనే పెట్టండి అంకుల్. ట్యాక్స్ కోసం విడిపోయానని నేను సైన్ చెయ్యను. ఆ లెటర్ మీద చేసింది పొరపాటే, అది నాకిచ్చెయ్యండి. వచ్చే సంవత్సరం మళ్ళీ మీరు నన్ను అడగండి. అప్పటికి ఏది నిజమైతే అది చెబుతా."

అతను తల ఊపాడు. నేను సెపరేటెడ్ తీసేసి మ్యారీడ్ అని కొట్టాను. జూన్ ఒకటి అన్న తేదీ చెరిగిపోయింది. రెండు రిటర్నులూ ఉన్నది ఉన్నట్టు పంపాను. ఉత్తరాన్ని ఆమె ఫోల్డర్‌లో పెట్టుకుంది, ఏ చీటీ ఉన్న అరలోనో నేను చూడలేదు. వెళ్ళేటప్పుడు అతను ఆమె కోటు కొక్కెం మీంచి తీసి పట్టుకున్నాడు. ఆమె థాంక్స్ అని చేతికి తీసుకుని తనే వేసుకుంది.

ఆ ఏడాదంతా నేను ఆశపడ్డాను. మీ దగ్గర దాపరికం ఎందుకు, అతను డాలస్ వదిలేసి పక్కనే ఉన్న మిస్సిసాగాలో చిన్న ఉద్యోగం చూసుకుంటాడనీ, సూట్‌కేసు అటక ఎక్కిస్తాడనీ, మార్చిలో ఇద్దరూ వచ్చి రెండు కుర్చీల్లో కూర్చుంటారనీ ఊహించుకున్నాను. అలా జరిగి ఉంటే నా నోటి దురదకు నన్ను నేనే క్షమించేసుకునేవాణ్ణి.

మార్చిలో ఆమె ఒక్కతే వచ్చింది. కోటు తగిలించి, ముందు కుర్చీలో కూర్చుని, ఫోల్డర్ బల్ల మీద పెట్టింది. పోయినేడు ఆమె చెప్పిన ప్రకారం నేను ముందు అదే అడిగాను. సెపరేటెడ్ అంకుల్, ఆగస్టు నుంచి అని చెప్పింది. ఇల్లు తన పేరుకు మారిందని, పాప బాగానే చదువుతోందని చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు, నేనూ తవ్వలేదు. సంతకానికి పసుపు కాగితాలు అంటించబోతే, అక్కర్లేదు, ముందు చదువుతాను అంది. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, ఒకచోట ఏటా కట్టే ఫార్మసిస్టు లైసెన్సు ఫీజు తప్పు పడిందని చూపించింది. నిజమే, తప్పే.

మరో పది రోజులకు డాలస్ నుంచి అతను ఫోన్ చేశాడు. కాగితాలు ఫోన్‌లో ఫోటోలు తీసి పంపాడు. కొన్ని తలకిందులు, కొన్ని సగం, రెండు అసలు లేవు. అన్నీ ఏరుకుని పెట్టుకునేసరికి నాకు రెండు పూటలు పట్టింది. అతని ఇల్లు, హెల్త్ కార్డు, కారు ఇక్కడ ఏవీ లేవు. కూతురొక్కతే ఇక్కడ మిగిలింది. కానీ ఉండే ఇల్లు అక్కడొక్కటే కాబట్టి రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం అతను ఇప్పుడు అచ్చంగా డాలస్ మనిషే. ఏ అబద్ధమూ లేకుండా, ఏ ఉత్తరమూ లేకుండా, అతను అడిగినదంతా అతనికి దక్కింది. నేను చేసిన నాన్ రెసిడెంట్ ఫైళ్ళలో అంత వంక పెట్టలేనిది ఇంకొకటి లేదు. ఇక ఒంటారియోకు ఒక్క డాలరు కట్టక్కర్లేదని చెప్పాను. ఈసారి అతను స్టేట్ ట్యాక్స్ సున్నా అనలేదు. సరే అంకుల్ అన్నాడు.

పని అయిపోయింది. నేను ఫోన్ పెట్టబోతుంటే ఆగమన్నాడు.

"తను వచ్చిందా అంకుల్? ఎలా ఉంది?"

మా వృత్తిలో ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. అది మీరు మొదటి రోజే నేర్చుకుంటారు. ఆ నియమం లేకపోయినా అదే అనేవాణ్ణేమో.

"అది నువ్వు ఆమెనే అడగాలయ్యా" అన్నాను.